ఒక్కడా, ఒకటా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం త్రిత్వ ఆదివారం. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడనే మా నమ్మకాన్నే త్రిత్వం అంటాం. పెంతెకొస్తు పండుగ తర్వాతి ఆదివారాన్ని మేమూ, కేథలిక్కులూ అలా పిలుచుకుంటాం. ఆ సందర్భంగా మీ భక్తి పేజీలో ఒక చిన్న వ్యాసం వేశారు, సంతోషం. అయితే అందులో నీళ్లు, ఐసు, ఆవిరి మూడూ ఒకే పదార్థమైనట్టు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడని, మన త్రిమూర్తులూ ఇంతేనని నాలుగు ముక్కల్లో తేల్చేశారు. రాసినవారి మనసు మంచిదే. కానీ ఆ ఐసుగడ్డతో నాకు సొంత అనుభవం ఉంది. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది. ఎక్కడ కత్తిరించినా చివరి పేరా మాత్రం ఉంచండి, అది మీ పత్రికలో పడిన పొరపాటు గురించి.

నేను కడపలో తెలుగు పండితురాలిగా చేసి రిటైరయ్యాను. పుట్టింది జమ్మలమడుగు దగ్గర పల్లె. మా జేజినాయన లండన్ మిషన్ దొరల కాలంలో బాప్తిస్మం తీసుకున్నాడు. మా అమ్మ క్యాంబెల్ ఆస్పత్రిలో ఆయా. బడిలో వ్యాకరణం, ఆదివారం చర్చిలో సండే స్కూలు, ఈ రెండే నా జీవితం. ముప్పై ఏళ్లు సండే స్కూల్లో చెప్పాను కాబట్టి త్రిత్వం గురించి ఎన్ని రకాలుగా తప్పు చెప్పవచ్చో నాకు బాగా తెలుసు. అన్నీ నేనే చెప్పాను.

ఐసు సంగతి ముందు. ఎండాకాలం సెలవుల్లో మాకు వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్) జరుగుతుంది, పిల్లలకు పది రోజులు పాటలు, కథలు, చివరి రోజు బూందీ, మిక్చరు. ఒక ఏడాది త్రిత్వం పాఠం నా వంతుకు వచ్చింది. ఏడు రోడ్ల దగ్గర సోడా అంగట్లో ఐసుగడ్డ కొని, గోనెపట్టాలో చుట్టి, స్టీలు టిఫిన్ క్యారియర్‌లో పెట్టుకుని రిక్షా ఎక్కాను. కడపలో మే నెల ఎట్లుంటుందో మీకు చెప్పక్కర్లేదు. చర్చికి చేరేసరికి గడ్డ కాస్తా నిమ్మకాయంత అయింది. అయినా బల్ల మీద పెట్టాను. పక్కన కిరసనాయిలు స్టవ్ మీద గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి. "ఇదిగో పిల్లలూ, ఇది ఐసు, ఇవి నీళ్లు, ఇది ఆవిరి. మూడూ నీళ్లే" అన్నాను. పిల్లలంతా ఐసు వంకే చూస్తున్నారు, అది అయిపోతే నోట్లో వేసుకునేందుకు ఏమీ మిగలదని వాళ్ల బాధ.

మూడో వరసలోంచి ఒక పిల్లోడు లేచాడు. వాళ్ల నాయన లారీ మెకానిక్. "టీచర్, ఐసు నీళ్లయిపోయినాక ఐసు లేదు గదా?"

"లేదు."

"మరి యేసుప్రభువు వచ్చినాక తండ్రి లేడా? యేసుప్రభువు తోటలో మోకాళ్ల మీద ప్రార్థన చేసింది ఎవురికి?"

నేను ఏం చెప్పానో తెలుసా? "కూర్చో, ప్రశ్నలు చివర్లో" అన్నాను. చివర్లో బూందీ పంచాం.

ఆ ప్రశ్న నన్ను ఏళ్ల తరబడి వదల్లేదు. తర్వాత మా చర్చికి వచ్చిన ఒక పాస్టరుగారు, బాగా చదువుకున్న మనిషి, చెబితే తెలిసింది. నేను ఐసుగడ్డతో బోధించింది త్రిత్వం కాదు, మూడో శతాబ్దం మొదట్లో రోములో సబెల్లియస్ అనే ఆయన చెప్పిన మాట. దేవుడు ఒక్కడే, ఆయనే ఒకసారి తండ్రిగా, ఒకసారి కుమారుడిగా, ఒకసారి ఆత్మగా కనబడతాడు అనేది ఆయన వాదం. క్రైస్తవ సంఘం దాన్ని అప్పుడే తోసిపుచ్చింది. తోసిపుచ్చడానికి కారణం మా మెకానిక్ కొడుకు అడిగిందే. యేసు యొర్దాను నదిలో బాప్తిస్మం పొందినప్పుడు కుమారుడు నీళ్లలో ఉన్నాడు, ఆత్మ పావురంలా దిగింది, ఆకాశం నుంచి తండ్రి స్వరం వినిపించింది. ముగ్గురూ ఒకే వేళ ఉన్నారు. ఒకే చెంబులోని నీళ్లు ఒకే వేళ గడ్డగా, నీళ్లుగా, ఆవిరిగా ఉంటాయా? ఉన్నా, ఐసు వెళ్లి ఆవిరితో మాట్లాడుతుందా? మా పిల్లలకు నేను చూపించింది ఒక వేషగాడు మూడు వేషాలు మార్చే వీధినాటకం.

"నేను ఇంట్లో అమ్మను, బడిలో టీచరును, తమ్ముడికి అక్కను, అయినా ఒక్కదాన్నే గదా" అనే పోలికా అంతే. నాలోని అమ్మ నాలోని టీచరును ప్రేమించడం, పంపడం ఎక్కడైనా ఉందా?

మారేడు దళం పోలిక మా వైపు బాగా వాడతారు. మూడు రేకులు, ఒకే ఆకు. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఒక రేకు తుంచితే రెండు మిగులుతాయి, అంటే ఒక్కో రేకు ఆకులో మూడో వంతు. తండ్రి దేవుడిలో మూడో వంతు కాదు. కుమారుడు దేవుడిలో ముక్క కాదు. ఇక ఒక బోధకుడు మైకులో "ఒకటి, ఒకటి, ఒకటి కూడితే మూడు, కానీ గుణిస్తే ఒకటే గదా!" అని చెప్పగా నేను స్వయంగా విన్నాను. జనం హల్లెలూయ అన్నారు. ఆ లెక్కన నలుగురున్నా ఒకటే, నలభై మంది ఉన్నా ఒకటే. సూర్యుడు, వెలుగు, వేడి అనేది వీటన్నిటి కంటే మేలు, పాతకాలపు సంఘ పెద్దలూ దాన్ని వాడారు. అయినా వేడి ఒక మనిషిలా మనల్ని పిలవదు, మనం వేడిని పిలవం. కడపలో ఎండను తిట్టేవాళ్లు ఉన్నారు గానీ అది వేరే సంగతి.

త్రిమూర్తుల పోలిక గురించి నేను ఎక్కువ మాట్లాడను, అది నా ఇల్లు కాదు. వైష్ణవులు ఒకలా, శైవులు ఒకలా చెబుతారని మాత్రం తెలుసు. సృష్టి ఒకరిది, స్థితి ఒకరిది, లయం ఒకరిది అని పని పంచి చెప్పేటప్పుడు అది మా లెక్కకు సరిపోదు. మా విశ్వాసంలో సృష్టి తండ్రి ఒక్కడి శాఖ కాదు. తండ్రి కుమారుడి ద్వారా, ఆత్మలో చేస్తాడు, ప్రతి పనీ ముగ్గురిదీ. మన దేశపు మాటల్లోనే చెప్పాలని నిజంగా ప్రయత్నించినవాళ్లు ఉన్నారు. బెంగాల్లో బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ (1861–1907) అనే ఆయన త్రిమూర్తుల జోలికి పోకుండా సత్, చిత్, ఆనందం అనే మాటల దగ్గరకు వెళ్లాడు. అది ఆలోచించాల్సిన దారి. మీ వ్యాసకర్త దాన్ని పట్టుకుని ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదేమో.

మరి పోలికలన్నీ పోతే ఏం మిగిలింది? నాకు మిగిలింది వ్యాకరణం. అదీ మా వీధి చివర దర్జీ భాయ్ అంగట్లో.

రెండు మిషన్లు పట్టే చిన్న అంగడి అది. భాయ్ కత్తిరిస్తాడు, కొడుకు మిషన్ తొక్కుతాడు, వెనక గదిలో భాయ్ ఇంటామె హుక్కులు, కాజాలు కుడుతుంది. జాకెట్టు కొలతలిచ్చి కూర్చున్నాను. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క పెట్టుకుని భాయ్ అడిగాడు. "టీచరమ్మా, ఏమనుకోవద్దు. అల్లా ఒక్కడే, ఆయన ఎవర్నీ కనలేదు, ఎవరికీ పుట్టలేదని మేం నమాజులో చదువుకుంటాం. మీరు ఒక్కడంటారు, మళ్లీ ముగ్గురంటారు. ఆ ముగ్గురెవరు, తండ్రి, తల్లి, కొడుకేనా?"

"మరియమ్మ అందులో లేదు భాయ్. ఏ సంఘమూ అట్లా చెప్పదు. దేవుడు ఒక్కడే అనేది మాదీ. 'ఇశ్రాయేలూ వినుము, మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా' అని మోషే చెప్పిన మాటే మాకూ మొదటి మాట."

"మరి యేసు దేవుడెట్లయితాడు?"

అప్పుడు నాకు యోహాను సువార్త పదో అధ్యాయం ముప్పయ్యో వచనం గుర్తొచ్చింది. "నేనును తండ్రియును ఏకమై యున్నాము." ఇది బట్టీ వచ్చిన వచనం. కానీ పండితురాలి కళ్లతో ఎప్పుడూ చూడలేదు. "ఏకమై", "యున్నాము". ఒకే వాక్యంలో ఒకటి అనే మాటా ఉంది, బహువచన క్రియా ఉంది. "నేనూ తండ్రీ ఒక్కడినే" అనలేదు.

మనకు తెలుగులో ఈ తేడా పుట్టుకతో వస్తుంది. మనుషులైతే ఒకడు, ఇద్దరు, ముగ్గురు. వస్తువులైతే ఒకటి, రెండు, మూడు. "మీ అన్నదమ్ములు ముగ్గురూ ఒకడే" అంటే జనం నవ్వుతారు, "ముగ్గురూ ఒకటే" అంటే అర్థమవుతుంది. పాస్టరుగారిని అడిగితే గ్రీకులోనూ సరిగ్గా ఇదే ఉందన్నారు. నాకు గ్రీకు రాదు, ఆయన చెప్పింది రాసుకున్నాను. అక్కడ "ఒకటి"కి వాడిన మాట "హెన్", అది నపుంసకలింగం. "ఒకడు" అని చెప్పాలంటే "హెయిస్" అనాలి. యోహాను హెన్ అనే రాశాడు. మూడో శతాబ్దం మొదట్లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో టెర్టూలియన్ అనే రచయిత లాటిన్‌లో ఇదే పట్టుకుని వాదించాడట. "ఉనుస్ అనలేదు, ఉనుమ్ అన్నాడు చూడండి" అని. త్రిత్వానికి లాటిన్‌లో "త్రినితాస్" అనే మాటను వాడుకలోకి తెచ్చింది కూడా ఆయనే. పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి ఆ పెద్దమనిషి మా స్టాఫ్ రూములో కూర్చుని ఉంటే ఇది మహద్వాచకం (మగవాళ్లను చెప్పే మాట), ఇది అమహద్వాచకం (తక్కినవి) అని నాతో కలిసి పిల్లల పేపర్లు దిద్దేవాడు.

మత్తయి సువార్త చివర్లో ఇంకొకటి. "తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములోనికి" బాప్తిస్మం ఇవ్వమన్నాడు. ముగ్గురి పేర్లు చెప్పి "నామములలోనికి" అనకుండా "నామములోనికి" అన్నాడు. మా పిల్లలు రాసి ఉంటే వచనదోషం అని ఎర్ర సిరాతో సున్నా చుట్టేదాన్ని.

ఇదంతా భాయ్‌కి చెప్పాను. సుద్ద చెవి మీద నుంచి తీసి, గుడ్డ మీద గీత గీస్తూనే విన్నాడు. "సరే టీచరమ్మా. మా ఇంట్లో నేను, నా కొడుకు, వాళ్లమ్మ ముగ్గురం. ముగ్గురికీ మనిషితనం ఒకటే. అయినా మేం ముగ్గురు మనుషులమే గదా, ఒక మనిషి కాము. మీ లెక్కన దేవుడితనం ఒకటైతే మాత్రం ముగ్గురు దేవుళ్లు కావాల్నే?"

నా దగ్గర జవాబు లేదు. జాకెట్టు గురువారం ఇస్తానన్నాడు. నేను గురువారం వరకు నిద్రపోలేదంటే అబద్ధమవుతుంది గానీ పాస్టరుగారికి మాత్రం ఫోన్ మీద ఫోన్ చేశాను. ఆయన నవ్వి, ఇదే ప్రశ్న నాలుగో శతాబ్దంలో అబ్లేబియస్ అనే ఆయన నిస్సా ఊరి బిషప్పు గ్రెగరీని అడిగాడని, గ్రెగరీ దానికి పెద్ద ఉత్తరమే రాశాడని చెప్పారు. ఆ జవాబు సారం ఇది. ముగ్గురు రైతులుంటే ఎవరి సేద్యం వాళ్లది, ముగ్గురు చెప్పులు కుట్టేవాళ్లుంటే ఎవరి జోళ్లు వాళ్లవి. పని వేరు కాబట్టి ముగ్గురని లెక్కపెడతాం. దేవుడిలో అట్లా విడి పనులు లేవు. ఒకే పని తండ్రి నుంచి బయలుదేరి, కుమారుడి ద్వారా జరిగి, ఆత్మలో పూర్తవుతుంది. అందుకే ముగ్గురు దేవుళ్లు అనరాదు.

గురువారం వెళ్లి చెప్పాను. భాయ్ వెంటనే పట్టుకున్నాడు. "అయితే మా అంగడి మాదిరే. కోత నాది, కుట్టు వాడిది, హుక్కులు ఆమెవి. జాకెట్టు ఒకటే."

"లేదు భాయ్, అక్కడే తేడా. మీ జాకెట్టులో వాటాలున్నాయి. కోత తప్పితే మీ తప్పు, హుక్కు ఊడితే ఆమె తప్పు. దేవుడి పనిలో ఇది నాది, అది నీది అనే కుట్టు గీత లేదు."

కాసేపు జాకెట్టు చేతి అంచు చూస్తూ ఉండిపోయాడు. "అర్థమైంది టీచరమ్మా. నేను ఒప్పుకోను గానీ, మీరేం చెప్తున్నారో అర్థమైంది" అన్నాడు. ముప్పై ఏళ్ల సండే స్కూల్లో నాకు ఎవరూ ఇంత నికరమైన మార్కు వేయలేదు. చేతులు మాత్రం అరంగుళం బిగుతుగా కుట్టాడు.

ఇక "వ్యక్తి" అనే మాట. "దేవుడు ఒక్కడు, వ్యక్తులు ముగ్గురు" అని మా వాళ్లు నేర్పుతారు, మీ వ్యాసంలోనూ అదే వచ్చింది. బ్రౌన్ గ్రంథాలయంలో ఒక పూట కూర్చుని నిఘంటువులు తిరగేశాను. (బ్రౌన్ దొర ఉన్న చోటే కాబట్టి అక్కడ మాటలు వెతికితే నాకు తృప్తి.) సంస్కృతంలో వ్యక్తి అంటే మొదటి అర్థం వెల్లడి కావడం, బయటపడటం. మనం ఇప్పుడు వాడేది విడి మనిషి అనే అర్థంలో. మొదటి అర్థం పట్టుకుంటే సబెల్లియస్ వైపు జారతాం, దేవుడు మూడు రకాలుగా వెల్లడయ్యాడని. రెండో అర్థం పట్టుకుంటే ముగ్గురు దేవుళ్ల వైపు జారతాం. లాటిన్ మాట "పెర్సోనా"కీ ఇదే తిప్పలు, అది మొదట నాటకంలో ముఖానికి పెట్టుకునే ముసుగు. అగస్టీన్ త్రిత్వం మీద పదిహేను భాగాల గ్రంథం రాసిన మనిషి. ఆయనే ఒకచోట ఒప్పుకున్నాడు, ముగ్గురు వ్యక్తులు అంటున్నది ఆ మాట సరిపోతుందని కాదు, ఏమీ అనకుండా ఊరుకోలేక అని. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.

పరిశుద్ధాత్మతో తెలుగులో ఇంకో చిక్కు. ఒకసారి పదో తరగతి పిల్ల ఒకతె నోట్సులో "పెంతెకొస్తు దినాన పరిశుద్ధాత్మ వచ్చింది" అని రాసింది. పక్క క్లాసు టీచరు కొట్టేసి "వచ్చాడు" అని దిద్దింది. ఆ పిల్ల ఏడుపు ముఖంతో నా దగ్గరకు వచ్చింది. వ్యాకరణం ప్రకారం పిల్లదే ఒప్పు. ఆత్మ అమహద్వాచకం, "ఆత్మ వచ్చాడు" అనేవాళ్లు తెలుగులో ఎవరూ లేరు. కానీ టీచరు భయమూ ఒప్పే. "వచ్చింది" అని పదేపదే అంటూ ఉంటే ఆత్మ ఒక గాలి, ఒక కరెంటు అయిపోతుంది. నిజంగానే కొందరు బోధకులు ఆత్మను కరెంటులాగే మాట్లాడతారు, ఎక్కింది, దిగింది అని. మన తెలుగు బైబిల్ చేసిన పెద్దలు ఈ ఇరుకును ఎంత నేర్పుగా దాటారో చూడండి. యోహాను పదహారో అధ్యాయంలో "అయితే ఆయన, అనగా సత్యస్వరూపియైన ఆత్మ వచ్చినప్పుడు" అని రాశారు. ముందు "ఆయన" అని గౌరవంగా కూర్చోబెట్టి, తర్వాత ఆత్మ అన్నారు. గ్రీకులోనూ ఆత్మకు వాడే మాట నపుంసకమే, హీబ్రూలో స్త్రీలింగం. లింగాన్ని బట్టి దేవుణ్ని కొలవలేమని నేను ఆ పిల్లకు చెప్పి, రెండూ ఉంచుకోమ్మా అని మార్కు వేశాను. పక్క టీచరు నాతో నెల రోజులు మాట్లాడలేదు.

మా మనవడు బెంగళూరులో ఇంజినీరు. ఫోన్ చేసి, "అవ్వా, త్రిత్వం అనే మాట బైబిల్లోనే లేదంట, 325లో కాన్‌స్టంటైన్ రాజు సభ పెట్టి ఓట్లేయించి కల్పించినాడంట, యూట్యూబ్‌లో చూసినా" అన్నాడు. మాట లేదు, నిజమే. మాట లేదంటే సంగతి లేదని కాదు, బైబిల్ అనే మాట కూడా బైబిల్ లోపల పుస్తకం పేరుగా ఎక్కడా లేదు. ఇక మనవడు చెప్పిన ఆ 325 నాటి సభ, అదే నికేయా సభ. 2025తో దానికి 1700 ఏళ్లు నిండాయి. ఇప్పటి తుర్కియేలోని ఇజ్నిక్ ఊరు అది. అక్కడ తగువు ముగ్గురా, ఒక్కడా అని కాదు. అలెగ్జాండ్రియాలో అరియస్ అనే సంఘ పెద్ద "కుమారుడు లేని కాలం ఒకటుంది" అన్నాడు. అంటే కుమారుడు ఎంత గొప్పవాడైనా తండ్రి చేసిన సృష్టిలో వాడే అని. ఆ సంగతిని పాటలు కట్టి నావికుల నోట, పిండి విసిరేవాళ్ల నోట పాడించాడని చెబుతారు. దానికి సభ ఇచ్చిన జవాబును తెలుగులో రెండు క్రియల్లో చెప్పవచ్చు. కనడం వేరు, చేయడం వేరు. కుమ్మరి కుండ చేస్తాడు, కుండ కుమ్మరి కాదు. మనిషి బిడ్డను కంటాడు, బిడ్డ మనిషే. కుమారుడు చేయబడినవాడు కాదు, తండ్రి స్వభావమే ఉన్నవాడు అని విశ్వాస ప్రమాణంలో రాశారు. భాయ్ "కనలేదు" అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది మనుషులు కనడం. మేము చెప్పేది ముందూ వెనకా లేని, శరీరం లేని సంబంధం. "వెలుగు నుండి వెలుగు" అని అందులోనే ఉంది. మా వీధిలో కరెంటు పోయినప్పుడు ఒక కొవ్వొత్తి నుంచి ఇంకొకటి వెలిగిస్తూ నాకు ఆ మాట గుర్తొస్తుంది. మొదటిదానికి ఏమీ తరగదు. కానీ రెండోది తర్వాత వెలిగింది కదా, కాబట్టి ఇదీ పూర్తి పోలిక కాదు. చూశారా, ఐసు మీద ఇంత కోపం చేసిన నేను కూడా కొవ్వొత్తి దగ్గర చిక్కాను.

రాజు కల్పించాడనే మాటకు ఇంకొకటి చెబుతాను. సభ అయ్యాక కథ రాజుగారి చేతిలో తేలిగ్గా నడవలేదు. కాన్‌స్టంటైన్ 337లో చావు మంచం మీద బాప్తిస్మం తీసుకుంది అరియస్‌కు అండగా నిలిచిన బిషప్పు చేతనే. ఆయన కొడుకు కాన్‌స్టాంటియస్ అరియస్ పక్షం వైపే మొగ్గాడు. నికేయా పక్షాన నిలబడ్డ అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియస్‌ను అయిదుసార్లు ఊరు వెళ్లగొట్టారు, మొత్తం పదిహేడేళ్లు ప్రవాసం. రాజు ఆజ్ఞతో పుట్టిన సిద్ధాంతమైతే రాజులు దాని మీద ఇంత కక్ష కట్టనక్కర్లేదు. ఆత్మ గురించి నికేయా ఒక్క ముక్కే అంది, తక్కినది 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ తర్వాతే వచ్చింది. ఆ రోజుల్లో ఆ ఊళ్లో చిల్లర అడిగితే కుమారుడు పుట్టినవాడా, పుట్టనివాడా అని వాదన, రొట్టె ధర అడిగితే తండ్రి పెద్ద, కుమారుడు చిన్న అని జవాబు వచ్చేదని, ఇందాక చెప్పిన గ్రెగరీ విసుక్కున్నాడు. మన దగ్గర కారం దోసె అంగడి ముందు ఎన్నికల గురించి జరిగే రచ్చ అనుకోండి.

మనవడు ఇంకొకటి కూడా పట్టుకొచ్చాడు. ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిల్లో మొదటి యోహాను అయిదో అధ్యాయంలో పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు ముగ్గురని ఉంది, తెలుగులో ఆత్మ, నీళ్లు, రక్తం అని మాత్రమే ఉంది, తెలుగువాళ్లు తీసేశారా అని. తీసేయలేదు నాయనా. పాత గ్రీకు ప్రతుల్లో ఆ వాక్యం లేదు. ఎరాస్మస్ అనే పండితుడు గ్రీకు కొత్త నిబంధనను 1516లో, 1519లో అచ్చు వేసినప్పుడు లేకుండానే వేశాడు, గొడవ చేస్తే 1522లో చేర్చాడు. అక్కడి నుంచి 1611 నాటి ఇంగ్లీషులోకి వచ్చింది. మన తెలుగు బైబిలే పాత ప్రతుల పక్షాన ఉంది. త్రిత్వం ఆ ఒక్క వాక్యం మీద నిలబడలేదు కాబట్టి దాన్ని వదులుకోవడానికి మేం భయపడనక్కర్లేదు. మా బోధకులు కొందరు ఇంకా దాన్నే జెండాలా ఊపుతుంటారు, అది మానాలి.

అసలు ఇది మొదలైంది సభల్లో కాదని నా నమ్మకం. ప్రార్థనలో మొదలైంది. మా అమ్మకు చదువు రాదు. పొద్దున పొయ్యి వెలిగించే ముందు "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టి "యేసు నామమున అడుగుచున్నాను తండ్రీ, ఆమెన్" అని ముగించేది. మధ్యలో మాటలు రానప్పుడు "ఆత్మ దేవా, నువ్వే చెప్పు" అనేది. ఎవరితో మాట్లాడుతోంది, ఎవరి పేరు మీద, ఎవరి సాయంతో అనేది ఆమెకు ఎప్పుడూ కలగాపులగం కాలేదు. ఒకే దేవుడితో మాట్లాడుతున్నాననే సంగతీ చెదరలేదు. మొదటి శతాబ్దపు యూదులు, దేవుడు ఒక్కడే అని రోజూ వల్లించేవాళ్లు, యేసుకు మొక్కడం మొదలుపెట్టారు. ఒకే దేవుడనే మాట వదులుకోకుండా ఈ మొక్కును ఎట్లా చెప్పాలనేదే ఆ నాలుగు వందల ఏళ్ల తంటా అంతా.

ఇప్పుడు మా వీధి కూటాల్లో వింటున్నాను. "తండ్రీ, మా కోసం సిలువ మీద ప్రాణం పెట్టినందుకు స్తోత్రం తండ్రీ" అంటారు. తండ్రి సిలువ ఎక్కలేదమ్మా, కుమారుడు ఎక్కాడు. భక్తిలో నోరు తడబడుతుంది, దేవుడు అర్థం చేసుకుంటాడు, నాకు ఆ భయం లేదు. కానీ టెర్టూలియన్ ఈ మాటకే ఒకాయనతో పెద్ద తగువు పెట్టుకున్నాడు, తండ్రిని సిలువ వేశావని. ఐసుగడ్డ పాఠం విన్న పిల్లలు పెద్దయి అట్లా ప్రార్థన చేస్తున్నారు. అందులో కొందరు నా పిల్లలే.

మీ భక్తి పేజీ రాసేవారికి నా విన్నపం ఒకటే. వచ్చే ఏడాది త్రిత్వ ఆదివారానికి పోలిక లేకుండా ఒక వ్యాసం వేయండి. యొర్దాను నది దృశ్యం ఒకటి, యోహాను పదోది ముప్పయ్యోది ఒకటి, రెండు చాలు. పాఠకులకు అర్థం కాదనే టెన్షన్ వద్దు, మా భాయ్‌కి అర్థమైంది. ఒప్పుకోకపోవడం ఆయన హక్కు.

నా పేరు ప్రచురించవద్దు. బోధకుల గురించి రాసిన ముక్కలకు మా ఇప్పటి పాస్టరుగారు నొచ్చుకోవచ్చు, పక్క క్లాసు టీచరు కూడా ఇంకా మీ పత్రికే తెప్పించుకుంటుంది.

చివరగా, మీ వ్యాసంలో బాప్తిస్మపు ఆజ్ఞకు "మత్తయి 18:19" అని పడింది. అది 28:19. 18:19లో ఉన్నది ఇద్దరు ఏకీభవించి వేడుకోవడం గురించి. సవరణ వేయగలరు.

ఇట్లు,
విశ్రాంత తెలుగు పండితురాలు,
కడప